తిరుగు దారి లేని టీవీ

రేపల్లెలోనో తెనాలిలోనో టీవీల షాపుకు వెళ్ళి "మామూలు టీవీ కావాలండీ" అని అడిగి చూడండి. "ఇప్పుడన్నీ స్మార్టేనండీ, రేటులో పెద్ద తేడా కూడా లేదు" అనే జవాబు వస్తుంది. ఆ మాట సగం నిజం. 43 అంగుళాలు, ఆపై సైజుల్లో ఇంటర్నెట్ లేని టీవీ దాదాపుగా దొరకదు. 24, 32 అంగుళాల్లో ఇంకా దొరుకుతుంది. షాపువాళ్ళు దాన్ని 'నార్మల్ ఎల్ఈడీ' అనో 'నాన్ స్మార్ట్' అనో అంటారు. గట్టిగా అడిగితేనే బయటికి తీస్తారు.

2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. చిన్న టీవీల మీద అంతకు ముందే 18 శాతం ఉండేది. దీంతో పెద్ద టీవీకి మారడం తేలికైంది. పెద్ద టీవీకి మారితే, అడిగినా అడగకపోయినా స్మార్ట్ టీవీ ఇంటికి వస్తుంది. కొనేముందు అది ఏం చేస్తుందో తెలుసుకోవడం మంచిది.

కృష్ణ ఒడ్డున, రేపల్లె మండలంలోని పెనుమూడిలో ఒక ఇంటిని ఊహించుకుందాం. పెద్దవాళ్ళకు వార్తలు, సీరియళ్ళు ఉంటే చాలు. పిల్లలు యూట్యూబ్ ఎలాగూ ఫోన్లో చూస్తున్నారు. ఈ ఇంటికి ఎలాంటి టీవీ సరిపోతుంది? దీనికి జవాబు తెర సైజుతోనో కంపెనీ పేరుతోనో మొదలవదు. ఆ ఇంటికి బొమ్మ ఏ దారిన వస్తోంది, ఆ ఇంటి నుంచి ఏదైనా వెనక్కి వెళుతోందా అన్న ప్రశ్నతో మొదలవుతుంది.

బొమ్మ ఇంటికి వచ్చే మూడు దారులు

పెనుమూడి లాంటి ఊరికి చానళ్ళు ప్రధానంగా మూడు దారుల్లో వస్తాయి. మొదటిది కేబుల్. పల్లెల్లో కేబుల్ ప్రసారాలు డిజిటల్‌కు మారడానికి కేంద్రం పెట్టిన చివరి గడువు 2017 మార్చి 31. అప్పటి నుంచి ప్రతి టీవీకీ సెట్ టాప్ బాక్స్ తప్పనిసరి అయింది. ఈ పద్ధతిలో చానళ్ళన్నీ ఒకే తీగలో కలిసి అన్ని ఇళ్ళకూ వస్తాయి. వాటిలో మీరు నొక్కిన చానల్‌ను బాక్స్ విడదీసి చూపిస్తుంది. మీరు ఏ ప్యాకేజీకి డబ్బు కట్టారో ఆపరేటరుకు తెలుసు. మామూలు కేబుల్ బాక్సుకు సమాచారం వెనక్కి పంపే ఏర్పాటు ఉండదు. అందుకే రాత్రి తొమ్మిదింటికి మీరు ఏ సీరియల్ చూశారో ఆయనకు తెలియదు.

రెండోది డిష్. ఉపగ్రహం నుంచి సంకేతాలు కిందికి వస్తాయి, మీ గొడుగు వాటిని పట్టుకుంటుంది. ఆ గొడుగు తిరిగి ఉపగ్రహానికి ఏమీ పంపలేదు. దూరదర్శన్ 2004 డిసెంబర్‌లో మొదలుపెట్టిన ఉచిత డిష్ సేవను చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది. దానికి నెలవారీ చందా లేదు, చందాదారుల జాబితా కూడా లేదు. దేశంలో ఎన్ని ఇళ్ళలో ఆ డిష్ ఉందో చెప్పాలంటే సర్వేల మీద ఆధారపడి అంచనా వేయాల్సిందే. దాని లోటు ఏమిటంటే, తెలుగు ప్రైవేటు వినోద చానళ్ళు అందులో తక్కువ. డబ్బు కట్టే డిష్ సేవల్లో ఆ లోటు ఉండదు. అయితే వాటి కొత్త ఆండ్రాయిడ్ బాక్సులకు వైఫై కలిపితే ఒకవైపు దారి కాస్తా రెండువైపులా నడుస్తుంది.

మూడోది ఫైబర్. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడూ కలిపి నెలకు 149 రూపాయల ప్రాథమిక ప్యాకేజీతో అది ఇళ్ళలోకి వచ్చింది. కరెంటు స్తంభాల మీదుగా వేసిన తీగలో, స్థానిక కేబుల్ ఆపరేటర్ల చేతుల మీదుగా ఊళ్ళకు చేరింది. ఇందులో టీవీ వచ్చే పద్ధతిని ఐపీటీవీ (ఇంటర్నెట్ పద్ధతిలో చానళ్ళను పంపే ఏర్పాటు) అంటారు. ఇక్కడ చానళ్ళన్నీ ఒకేసారి ఇంట్లోకి రావు. మీరు రిమోట్ నొక్కగానే 'ఈ చానల్ పంపు' అని బాక్స్ నెట్‌వర్కును అడుగుతుంది. అప్పుడే ఆ చానల్ మీ తీగలోకి వస్తుంది.

మొదటి రెండు పద్ధతులు మన కృష్ణా పశ్చిమ డెల్టా కాలువ లాంటివి. నీరు అందరికీ పారుతుంది, ఏ తూము ఎవరు ఎప్పుడు ఎత్తారో పైన బ్యారేజీకి తెలియదు. మూడో పద్ధతిలో అడిగితేనే వస్తుంది కాబట్టి, అడిగిన సంగతి అవతలివైపు తెలుస్తుంది. అంతమాత్రాన మీ మీద నిఘా ఉందని కాదు. అడగకుండా ఆ యంత్రం పనిచేయలేదు, అంతే. అడిగిన వివరాన్ని దాచిపెట్టడం, ఇంకొకరికి ఇవ్వడం వేరే సంగతి. ఆ నిర్ణయం నడిపేవారిది, దానికి హద్దులు గీయాల్సింది చట్టం.

తెర వెనుక ఉన్న కంప్యూటర్

మామూలు టీవీలోనూ చిప్ ఉంటుంది. రిమోట్ చెప్పినట్టు చానల్ మార్చడం, శబ్దం పెంచడం, పెన్‌డ్రైవ్‌లోని సినిమా ఆడించడం దాని పని. స్మార్ట్ టీవీలో తెర వెనుక పూర్తి స్థాయి కంప్యూటర్ ఉంటుంది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ సామ్‌సంగ్‌లో టైజెన్, ఎల్‌జీలో వెబ్‌ఓఎస్, చాలా ఇతర కంపెనీల్లో గూగుల్ టీవీ. వైఫై కలపగానే ఇది కంపెనీ సర్వర్లతో (దూరాన ఉండి సమాచారం అందుకునే కంప్యూటర్లతో) మాట్లాడడం మొదలుపెడుతుంది. యాప్‌లు తెస్తుంది, అప్‌డేట్లు తెస్తుంది. మొదటి పేజీలో ప్రకటనలు చూపిస్తుంది.

ఇంకో పని కూడా చేయగలదు. దాని పేరు ఏసీఆర్ (తెర మీద ఏం ఆడుతోందో టీవీయే గుర్తుపట్టే ఏర్పాటు). అది ఇలా జరుగుతుంది. తెర మీది దృశ్యం నుంచో, వినిపిస్తున్న శబ్దం నుంచో టీవీ చిన్న చిన్న నమూనాలు తీసుకుంటుంది. ఒక్కో నమూనాను వేలిముద్ర వంటి ఒక సంకేతంగా మారుస్తుంది. ఆ సంకేతాలను సర్వరుకు పంపుతుంది. అక్కడ వేలాది కార్యక్రమాల, ప్రకటనల సంకేతాలు ముందే సిద్ధంగా ఉంటాయి. రెండూ కలిస్తే, ఫలానా ఇంట్లో ఫలానా సమయానికి ఫలానా కార్యక్రమం నడిచిందని తేలుతుంది.

ఇక్కడ అసలు గమనించాల్సిన విషయం ఒకటుంది. కేబుల్‌కు, డిష్‌కు తిరుగు దారి లేదని పైన చెప్పుకున్నాం. కానీ కేబుల్ బాక్స్ నుంచి వచ్చే బొమ్మ చివరికి ఈ టీవీ తెర మీదే పడుతుంది. తెర మీద పడిన దాన్ని టీవీ గుర్తుపడితే, బాక్స్ పంపలేని వివరాన్ని టీవీ పంపుతుంది. మూసి ఉన్న దారి ఇంకో వైపు నుంచి తెరుచుకుంటుంది.

లండన్ యూనివర్సిటీ కాలేజీ, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (డేవిస్), మాడ్రిడ్‌లోని కార్లోస్ 3 విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ సంగతిని పరీక్షించి 2024లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళు సామ్‌సంగ్, ఎల్‌జీ టీవీల నుంచి బయటికి వెళ్ళే సమాచారాన్ని బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ గమనించారు. ఎల్‌జీ టీవీ సుమారు 15 సెకన్లకోసారి, సామ్‌సంగ్ టీవీ నిమిషానికోసారి ఇలాంటి సమాచారం పంపాయి. హెచ్‌డీఎంఐ (బొమ్మను, శబ్దాన్ని కలిపి ఒకే తీగలో తెచ్చే ఏర్పాటు) తీగతో లాప్‌టాప్ కలిపి, టీవీని ఉత్త తెరగా వాడినా ఆ పని ఆగలేదు. నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్ యాప్‌లు ఆడుతున్నప్పుడు మాత్రం ఆగింది. సెట్టింగుల్లో వద్దని చెబితే పూర్తిగా ఆగిపోయింది. ఈ చివరి ఫలితం మనకు బాగా పనికొస్తుంది.

ఎవరు ఏం చూస్తున్నారో లెక్కపెట్టడం మన దేశానికి కొత్త కాదు. టీఆర్‌పీ లెక్కలు కట్టే బార్క్ సంస్థ 50 వేలకు పైగా ఇళ్ళలో మీటర్లు పెట్టింది. చానళ్ళు తమ శబ్దంలో చెవికి వినిపించని గుర్తు కలుపుతాయి. మీటర్ ఆ గుర్తును పట్టుకుంటుంది. తేడా ఏమిటంటే, మీటర్ పెట్టించుకున్న ఇంటికి ఆ సంగతి తెలుసు. మొదటిరోజు తెర మీద వచ్చిన నాలుగైదు పేజీల షరతులకు 'అంగీకరిస్తున్నాను' అని నొక్కిన ఇంటికి, తాను దేనికి ఒప్పుకుందో సాధారణంగా తెలియదు.

అమెరికాలో విజియో అనే కంపెనీ మీద వచ్చిన కేసు ఇదే. 2014 నుంచి కోటీ పది లక్షల టీవీల్లో, వాడేవారికి సరిగ్గా చెప్పకుండా వివరాలు సేకరించిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, న్యూజెర్సీ రాష్ట్రం ఆరోపించాయి. 2017 ఫిబ్రవరిలో కంపెనీ 22 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది.

టీవీ ఎందుకు చవకగా వస్తోంది

ఇన్ని అదనపు పనులు చేసే పెట్టె, అవి లేని పెట్టెతో దాదాపు సమానమైన ధరకు ఎలా వస్తోంది? తెరల తయారీ ఖర్చు తగ్గడం ఒక కారణం. అమ్మిన తర్వాత కూడా ఆదాయం రావడం రెండో కారణం. మొదటి పేజీలో ప్రకటనలు, యాప్ కంపెనీలతో ఒప్పందాలు, రిమోట్ మీద వాటి పేర్లతో మీటలు, చూసే అలవాట్ల సమాచారం, అన్నిటికీ విలువ ఉంది. 2021లో ఇదే విజియో లెక్కల్లో ప్రకటనలు, సమాచార విభాగం నుంచి వచ్చిన స్థూల లాభం, టీవీ పెట్టెలు అమ్మగా వచ్చిన లాభాన్ని దాటిపోయింది. 2024 డిసెంబర్‌లో వాల్‌మార్ట్ ఆ కంపెనీని 230 కోట్ల డాలర్లకు కొనేసింది. ఈ లెక్క చూస్తే తయారీదారు వైపు నుంచి మామూలు టీవీ ఎందుకు నచ్చదో అర్థమవుతుంది. దాన్ని ఒకసారి అమ్మాక ఇక ఆదాయం లేదు.

మన దేశంలో ఈ సమస్య మరో వైపు నుంచి చర్చకు వచ్చింది. టీవీ కంపెనీలు ప్లే స్టోర్ కావాలంటే గూగుల్ యాప్‌లన్నీ కట్టగట్టి తీసుకోవాల్సి వస్తోందని ఫిర్యాదు అందింది. భారత పోటీ కమిషన్ (వ్యాపారంలో గుత్తాధిపత్యాన్ని అదుపు చేసే సంస్థ) విచారించింది. 2025 ఏప్రిల్‌లో గూగుల్ 20.24 కోట్ల రూపాయలు కట్టడానికి, మన దేశంలో అమ్మే టీవీలకు ప్లే స్టోర్‌ను విడిగా రుసుముకు ఇవ్వడానికి ఒప్పుకుంది. దీనివల్ల తయారీదారులకు కొంత స్వేచ్ఛ వస్తుంది. కొనేవారికి అది నేరుగా కనిపించడానికి సమయం పడుతుంది.

తెర ఆయుష్షు, కంప్యూటర్ ఆయుష్షు

సమాచారం సంగతి పట్టించుకోని ఇంటికి కూడా లెక్కకొచ్చే మరో విషయం మన్నిక. మంచి తెర ఎనిమిది, పదేళ్ళు పనిచేస్తుంది. దాని వెనుక కంప్యూటర్ అంతకాలం సరిపోదు. చవక స్మార్ట్ టీవీల్లో ఒక జీబీ ర్యామ్, ఎనిమిది జీబీ నిల్వ మాత్రమే ఉండడం మామూలు. యాప్‌లు ఏటేటా బరువెక్కుతాయి. మూడు నాలుగేళ్ళకు రిమోట్ నొక్కితే తెర ఆలోచిస్తూ కూర్చుంటుంది. 2010, 2011 నాటి కొన్ని సామ్‌సంగ్ స్మార్ట్ టీవీల్లో నెట్‌ఫ్లిక్స్ 2019 డిసెంబర్‌లో ఆగిపోయింది. ఆ తెరలు చెడిపోలేదు, వాటిలోని సాఫ్ట్‌వేర్‌కు కాలం చెల్లింది. రెండిటినీ వేరుగా కొనుక్కుంటే పాతబడిన దాన్నే మార్చుకోవచ్చు.

కొనేటప్పుడు ఉన్న దారులు

మొదటి దారి, 24 లేదా 32 అంగుళాల మామూలు ఎల్ఈడీ. దీన్ని కొనేటప్పుడు ముందు వైపు కన్నా వెనుక వైపు ఎక్కువసేపు చూడాలి. హెచ్‌డీఎంఐ రంధ్రాలు రెండైనా ఉండాలి. పెన్‌డ్రైవ్‌కు యూఎస్‌బీ ఉండాలి. పసుపు, తెలుపు, ఎరుపు తీగలు పెట్టే ఏవీ రంధ్రాలు ఉన్నాయో లేదో చూడండి, ఎందుకంటే పల్లెల్లో చాలా పాత కేబుల్ బాక్సులు బొమ్మను ఆ మూడు తీగల్లోనే ఇస్తాయి. కొన్ని కొత్త టీవీల్లో వాటి బదులు ఇయర్‌ఫోన్ పిన్ను పట్టేంత ఒకే రంధ్రం ఉంటుంది. దానికి మూడు తీగలను కలిపే చిన్న కేబుల్ వేరే కావాలి. అట్టపెట్టెలో అది ఉందో లేదో షాపులోనే విప్పించి చూసుకోవాలి.

ఇదే దారిలో మరో కొత్త వసతి రాబోతోంది. ఉపగ్రహ ట్యూనర్ లోపలే అమర్చిన టీవీలకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 18112:2022 అనే ప్రమాణం రూపొందించింది. అలాంటి టీవీకి డిష్ తీగ నేరుగా కలిపితే ఉచిత చానళ్ళు వస్తాయి. వేరే బాక్స్, రెండో రిమోట్ అక్కర్లేదు. ఆ ట్యూనర్ లోపల ఉందా అన్నది షాపులో అడగదగ్గ ప్రశ్న.

రెండో దారి, పెద్ద తెర కావాలనుకుంటే స్మార్ట్ టీవీయే కొని దానికి నెట్ ఇవ్వకపోవడం. వైఫై పాస్‌వర్డ్ తెలియని టీవీ ఎవరికీ ఏమీ పంపలేదు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు వైఫై అడిగే పేజీని దాటేసే మీట ఉంటుంది. గూగుల్ టీవీ సెట్లలో మొదటి పేజీలోనే 'బేసిక్ టీవీ'గా పెట్టుకునే ఎంపిక కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుంటే యాప్‌లు, ఖాతాలు లేకుండా కేబుల్, హెచ్‌డీఎంఐ మాత్రమే పనిచేస్తాయి. షాపు నుంచి వచ్చి బిగించే కుర్రాడు సాధారణంగా తన ఫోన్ హాట్‌స్పాట్‌తో అన్నీ కలిపేసి వెళతాడు. "నెట్ కలపొద్దు బాబూ, బేసిక్‌లో పెట్టు" అని ముందే చెప్పాలి.

పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇంకో సెట్టింగు తప్పక మార్చుకోవాలి. స్మార్ట్ టీవీ ఆన్ చేయగానే యాప్‌ల బొమ్మల పేజీ వస్తుంది, సెట్ టాప్ బాక్స్ దగ్గరికి వెళ్ళడానికి మళ్ళీ రెండు మూడు మీటలు నొక్కాలి. చాలా మోడళ్ళలో 'ఆన్ కాగానే ఏది రావాలి' అనే ఎంపిక ఉంటుంది. అక్కడ హెచ్‌డీఎంఐ పెట్టేస్తే టీవీ వేయగానే చానల్ వస్తుంది.

మూడో దారి కంప్యూటర్ మానిటర్. దానికి హెచ్‌డీఎంఐ ఉన్న సెట్ టాప్ బాక్స్ కలిపితే టీవీలాగే పనిచేస్తుంది. చిన్న గదికి ఇది చక్కగా సరిపోతుంది. లోపల స్పీకర్లు లేకపోతే వేరే పెట్టుకోవాలి. దుకాణాల్లో ప్రకటనలకు వాడే పెద్ద తెరలు కూడా ఉన్నాయి గానీ ధర ఎక్కువ, ఇంటి వారంటీ సంగతి ముందే అడగాలి.

యూట్యూబ్ కూడా పెద్ద తెర మీద కావాలంటే, పేరున్న కంపెనీ స్టిక్ (మామూలు తెర మీద యాప్‌లు ఆడించే చిన్న పరికరం) ఒకటి హెచ్‌డీఎంఐకి పెట్టుకోవచ్చు. అది కూడా సమాచారం పంపుతుంది. కానీ అవసరమైనప్పుడే పెట్టి, అయ్యాక పీకేయడం మన చేతిలో ఉంటుంది. మామూలు టీవీ కొన్నాక ఊరూపేరూ లేని చవక ఆండ్రాయిడ్ బాక్స్ మాత్రం తెచ్చి పెట్టొద్దు. 2024 సెప్టెంబర్‌లో డాక్టర్ వెబ్ అనే భద్రతా సంస్థ ఇలాంటి సుమారు 13 లక్షల బాక్సుల్లో వైరస్‌ను గుర్తించింది. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ కూడా వీటి గురించి హెచ్చరించింది. కొన్నిటిలో హానికర సాఫ్ట్‌వేర్ అమ్మకానికి ముందే చేరి ఉంటుంది. మీ ఇంటి నెట్ మీకు తెలియకుండా ఇతరుల మోసాలకు దారి అవుతుంది.

శబ్దం విషయంలోనూ ఇదే సూత్రం. సౌండ్ బార్ కొంటే వైఫై, మైకు లేనిదాన్ని ఎంచుకోండి. హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని అదే తీగలో బయటి స్పీకరుకు పంపే ఏర్పాటు), ఆక్స్ రంధ్రం ఉంటే సరిపోతుంది.

ఇప్పటికే స్మార్ట్ టీవీ ఉండి, నెట్ కలిపి వాడుతున్నవాళ్ళు సెట్టింగుల్లో గోప్యత లేదా షరతుల పేజీకి వెళ్ళాలి. సామ్‌సంగ్‌లో 'వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్', ఎల్‌జీలో 'లైవ్ ప్లస్' అనే పేర్లతో ఈ ఏర్పాటు ఉంటుంది. వాటిని ఆపేస్తే యాప్‌లు మామూలుగానే పనిచేస్తాయి.

నెట్ లేని రోజు

ఒక ఊరికి ఏ పరికరం నప్పుతుందో చెప్పడానికి అక్కడి వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలికి కరెంటు స్తంభాలు పడిపోతే, వాటి మీది ఫైబర్ తీగ కూడా తెగుతుంది. అప్పుడు ఐపీటీవీ రాదు, యాప్‌లు రావు. గొడుగు కదలకుండా ఉండి, ఇన్వర్టర్ ఉంటే డిష్ మీద వార్తలు వస్తాయి. బ్యాటరీ రేడియో ఉంటే 1948 నుంచి నడుస్తున్న విజయవాడ ఆకాశవాణి వినొచ్చు. తీరం దగ్గరి ఇంట్లో వినోదానికి ఫైబర్ పెట్టుకున్నా, హెచ్చరికల కోసం నెట్ మీద ఆధారపడనిది ఇంకొకటి ఉండాలి.

చట్టం ఎంతవరకు వచ్చింది

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలు ఆ తేదీ నుంచి 18 నెలలకు, అంటే 2027 మే నెలలో అమల్లోకి వస్తాయి. ఏ వివరం, ఎందుకు తీసుకుంటున్నారో స్పష్టంగా చెప్పి ఒప్పుకోలు అడగాలి. ఆ నోటీసును తెలుగులోనూ చదువుకునే వీలుండాలి. ఒప్పుకోలు ఇచ్చినంత తేలికగా వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. అమలు సరిగ్గా జరిగితే, నాలుగు పేజీల ఇంగ్లీషు షరతులకు ఒక్క మీటతో సరేననిపించే పద్ధతి నిలవదు. అప్పటిదాకా ఆ పని కొనేవారే చేసుకోవాలి.

ఏ టీవీ కొన్నా, డబ్బు కట్టే ముందు షాపులోనే ఒక పరీక్ష చేయించండి. అక్కడి వైఫై ఆపేయమనండి. టీవీ కట్టేసి మళ్ళీ వేయమనండి. నెట్ లేకుండా అది సెట్ టాప్ బాక్స్ చానల్‌కు నేరుగా వెళ్ళిందా, ఏవైనా ఖాతాలు అడిగి ఆగిపోయిందా చూడండి. నేరుగా వెళ్ళిందంటే ఆ టీవీకి నెట్ ఇవ్వాలా వద్దా అన్నది ఇంట్లో మీరు తీరిగ్గా నిర్ణయించుకోవచ్చు. ఆగిపోయిందంటే ఆ నిర్ణయం కంపెనీ ముందే తీసేసుకుందని అర్థం, ఇంకో మోడల్ చూపించమనండి.